ప్రాణంతో తేవలసిన కోడి

భూమి పండుగ వేటకు పోయిన మగవాళ్ళు ఉత్తచేతులతో తిరిగొస్తే గూడెం ఆడవాళ్ళు పొలిమేరలోనే నిలబెట్టి పేడనీళ్ళు కుమ్మరిస్తారు. అది వాళ్ళ హక్కు. తడిసినవాడు నవ్వాలే తప్ప మొహం మాడ్చుకోకూడదు. గోపాలుకు ఆ నవ్వు ఎప్పుడూ సరిగ్గా రాలేదు. అయితే ఈసారి పేడనీళ్ళ గురించి బాధపడే తీరిక కూడా అతనికి లేదు. ప్రాణమంతా ఇంటి అరుగు మీది గంపలో ఉన్న జొన్న విత్తనాల దగ్గరే ఉంది.

చర్ల అవతల అడవిని ఆనుకుని ఉన్న ఆ గూడెంలో ఒక కట్టడి ఉంది. వేటలో చిక్కిన జీవాన్ని, చిన్నదైనా సరే, ప్రాణంతో తెచ్చి విత్తనాల గంపల ముందు కొయ్యాలి. ఆ నెత్తురు గింజలకు తాకాలి. అంతవరకు ఎంత వాన పడ్డా, ఎంత పదును ఉన్నా ఒక్క గింజ నేలలో పడకూడదు. అడవి నిండా జంతువులున్న రోజుల్లో పెట్టిన కట్టడి అది. అప్పుడు పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాళ్ళట. ఇప్పుడు అడవిలో జంతువులు లేవు గానీ కట్టడి మాత్రం చెక్కు చెదరకుండా ఉంది.

ఈ ఏడు రోహిణి ఎండల్లోనే పెద్దవాన కొట్టింది. నేల నానింది. మళ్ళీ ఎండ కాయడం మొదలుపెట్టింది. పోయినేడు కూడా ఇదే కథ. వేట ఆలస్యమై, పదును ఆరిపోయాక చల్లిన జొన్న సగం మొలవనే లేదు. గోపాలు, అతని భార్య జంపక్క ఎండాకాలమంతా తల్లాడ వైపు మిరపకాయలు ఏరే కూలికి పోయి ఇద్దరు పిల్లల్ని నెట్టుకొచ్చారు. ఈసారి కూడా చెలక ఎండితే ఏం చెయ్యాలో అతనికి తెలియదు. అందుకే వేటలో అడుగు తీసి అడుగు వేస్తున్నప్పుడల్లా ఎండ వైపు చూసి పళ్ళు కొరుక్కుంటున్నాడు.

అసలు వేటకు వేటగాళ్ళు చాలరా అంటే చాలు. ముందు నడిచే వీరన్నతోనే వచ్చింది తంటా. గూడేనికి పెద్ద ఆయనే, పూజ చేసేది ఆయనే, వేటలో మొదటి బాణం వేసేది ఆయనే. గోపాలుకు వరసకు పెదనాన్న. పెద్దాయనకు కంటిచూపు మందగించి చాలా కాలమైంది. ఆ సంగతి గూడెంలో కుక్కలకు కూడా తెలుసు, ఆయనకు తప్ప. నిన్న ఎదురుగా కుందేలు నిలబడి చెవులు నిక్కించి చూస్తుంటే ఆయన బాణం పక్కనున్న మద్దిచెట్టుకు దిగింది. కుందేలు కూడా ఆశ్చర్యపోయినట్టే ఉంది, కాసేపాగి మరీ పోయింది. మొదటి బాణం పెద్దాయనది కాబట్టి మిగిలినవాళ్ళు విల్లు ఎత్తకుండా చూస్తూ నిలబడ్డారు.

వాగు దాటి లోపలికి పోదామంటే అక్కడ క్యాంపు వేసిన పోలీసులు పోనివ్వలేదు. విల్లంబులు చూసి, పండుగ సంగతి విని, నవ్వి, వెనక్కి పొమ్మన్నారు. ఇటువైపు అడవంతా జల్లెడ పట్టినట్టు తిరిగినా దొరికింది లేదు. కాళ్ళు బొబ్బలెక్కి, తెచ్చుకున్న అంబలి అయిపోయి, అందరూ తిరుగుముఖం పట్టాక, మిట్టమధ్యాహ్నం వేళ ఒక తుప్పలోంచి అడవికోడి పుంజు బయటికొచ్చింది. ఎర్రటి మెడ, నల్లటి తోక. దర్జాగా నిలబడి నేల గీరుకుంటోంది.

వీరన్న బాణం వేశాడు. ఈసారి తగిలింది. ఎలా తగిలిందంటే, తగలకపోయినా బాగుండేదన్నట్టు తగిలింది. ఎడమ రెక్క విరిచి, తొడ చీల్చుకుంటూ పోయింది. కోడి అరుచుకుంటూ, ఒంటికాలి మీద దూకుతూ ముళ్ళపొదలో దూరింది. వీరన్న విల్లు దించి మీసం దువ్వుకున్నాడు. పొదలో దూరే పని గోపాలుది. మోచేతులు గీరుకుపోతుంటే పాక్కుంటూ పోయి దాన్ని బయటికి లాక్కొచ్చాడు.

"పానముందా?" అని అడిగాడు వీరన్న.

"ఉంది. ఉండబట్టే దానికి కష్టంగుంది."

విరిగిన ఎముక మొన రెక్క కింద తోలును పొడుచుకొచ్చింది. తొడ కండ తెరుచుకుని ఉంది. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి ఎగశ్వాస పీలుస్తోంది. గోపాలు వేళ్ళు వాటంతటవే దాని మెడ మీదికి పోయాయి. చిన్నప్పుడు వాళ్ళ నాయిన నేర్పిన పని అది. దెబ్బతిన్న జీవాన్ని చేతిలో పెట్టుకుని ముచ్చట్లు చెప్పకూడదనేవాడు. చంపేదైతే వెంటనే చంపాలి, లేదంటే అసలు పట్టుకోకూడదు.

"ఏయ్, ఆగు," అన్నాడు వీరన్న. "ఏం జేస్తున్నవ్ రా? పానంతోటి గూడెం చేరాలె. సచ్చిన దాన్ని కోస్తే ఇత్తనాలకు నెత్తురేడికెళ్ళి వస్తది?"

గోపాలు వేళ్ళు సడలించాడు. పెదనాన్న మీద గౌరవంతో కాదు. జొన్నల గంప గుర్తొచ్చింది. ఈ కోడి ప్రాణంతో గూడెం చేరితే ఈ రాత్రికే విత్తనాలకు నెత్తురు తాకుతుంది, తెల్లవారి నాగలి కట్టొచ్చు. చేరకపోతే మళ్ళీ వేట. మళ్ళీ వేటంటే ఎన్ని రోజులో ఎవరికి తెలుసు. తువాలు విప్పి కోడి తల మీద కప్పి, రెక్క ఒంటికి ఆనించి మెత్తగా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. తల కప్పితే భయం తగ్గుతుందని నాయినే చెప్పాడు. భయం తగ్గుతుందేమో గానీ నొప్పి తగ్గుతుందని ఆయన కూడా చెప్పలేదు.

నడక మొదలైంది. ప్రతి అడుగుకూ తువాల్లో చిన్న కదలిక, చిన్న మూలుగు. గోపాలు మెల్లగా నడిస్తే ఆలస్యం, వేగంగా నడిస్తే దానికి కుదుపు. రెండూ చేసి చూశాడు, రెండింటికీ ఒళ్ళు మండింది. జంపక్క తమ్ముడు రాజు పక్కకు వచ్చి తువాలు ఎత్తి చూశాడు.

"బావా, నీళ్ళు పోద్దామా?"

"పొయ్యి. మింగుతదేమో చూడు."

రాజు ఆకుతో నీళ్ళు పోస్తే ముక్కు పక్క నుంచి కారిపోయాయి. ఈగలు ముసిరాయి. గోపాలు తోలాడు. మళ్ళీ ముసిరాయి. ముందు వీరన్న తన బాణం ఎట్లా పోయిందో, కోడి ఎట్లా పడిందో వెనకవాళ్ళకు వర్ణించి చెబుతూ నడుస్తున్నాడు. ఆ వర్ణనలో కోడి ఎగురుతూ ఉంది. నిజానికది నిలబడి ఉంది. గోపాలుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఒకసారి వెనకబడి, చెట్టు చాటుకు పోయి మెడ మీద వేలు పెట్టాడు. గంప కళ్ళముందుకొచ్చింది. వేలు తీసేశాడు. ఇంకాస్త దూరం పోయాక మళ్ళీ అంతే. తనమీద తనకే అసహ్యం వేసింది. దీన్ని చంపలేక కాదు తను మొయ్యడం. దీని నొప్పి తనకు పనికొస్తుంది కాబట్టి మోస్తున్నాడు. ఆ మాట మనసులోకి రాగానే ఎవరినో ఒకరిని తిట్టాలనిపించి, దారికి అడ్డమొచ్చిన వెదురుకొమ్మను తిట్టాడు.

పొద్దు వాలేసరికి గూడెం కనిపించే మిట్ట ఎక్కారు. కింద ఇళ్ళ మీద పొగ లేస్తోంది. ఇంకేం, దిగితే అయిపోతుంది. గోపాలు దిగబోయాడు.

"యాడికి?" అన్నాడు వీరన్న కూర్చుంటూ. "ఆవులు ఇంటికి రాకముందు వేటగాండ్లు ఊర్లె అడుగు పెట్టరు. మంద లోపలికి పోవాలె, ఆడోళ్ళు పాట ఎత్తుకోవాలె, అప్పుడు పోవాలె. కూసో."

"పెదనాయినా, గిది ఆగేటట్టు లేదు."

"ఆగుతది. అడవికోడి పానం గట్టిది."

అందరూ కూర్చున్నారు. వీరన్న చుట్ట తీసి వెలిగించాడు. గోపాలు తువాలు విప్పాడు. ఒక కన్ను మూసుకుపోయింది. తెరిచి ఉన్న కన్ను అతని వైపు చూస్తోందో లేదో గానీ ఆడుతోంది. గొంతులోంచి సన్నగా, ఆగకుండా, గీరినట్టు శబ్దం వస్తోంది. కింద గూడెం ఉంది. గంప ఉంది. ఇంతసేపు మోసినవాడు ఇంకో చుట్ట కాలేంతసేపు మొయ్యలేడా అంటే మొయ్యగలడు. కానీ ఆ చుట్ట చూసేసరికి అతనిలో ఏదో తెగిపోయింది.

ఎడమచేత్తో రెండు కాళ్ళూ కలిపి పట్టుకున్నాడు. కుడిచేతి రెండు వేళ్ళ మధ్య తల వెనక పుర్రె మొదలు ఇరికించి, కిందికి బలంగా, ఒక్కసారే లాగి వెనక్కి వంచాడు. వేళ్ళకు మెడ ఎముక విడిపోయిన సంగతి తెలిసింది. రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. అది ప్రాణం కాదు, పోయిన ప్రాణం వెనకటి వణుకు. ఆగేదాకా గుండెకు ఆనించి పట్టుకున్నాడు. తర్వాత కంటి మీద వేలు పెట్టి చూశాడు. రెప్ప కదల్లేదు.

"అయ్యో బావా," అన్నాడు రాజు మెల్లగా.

వీరన్న చుట్ట పడేసి లేచాడు. "నీ తెలివి తగలెయ్య. గూడెం కనపడుతాంది గదరా. ఇంకొంచెం సేపు ఓపిక పట్టకపోతివి? నీ చెలకల నువ్వే మన్ను పోసుకున్నవ్, మా అందరి చెలకల గూడ పోసినవ్."

"బాణం సక్కగ ఏస్తే గిదంత ఎందుకొస్తది?" అనేశాడు గోపాలు.

గూడెంలో అందరూ మనసులో అనుకునే మాటే గానీ పెద్దాయన మొహం మీద అన్నవాడు ఇంతవరకు లేడు. వీరన్న కిందికి నడక సాగించాడు. మంద ఇంకా ఇంటికి రాలేదు, పాట ఇంకా ఎత్తుకోలేదు. కోపంలో ఆయనే కట్టడి మరిచిపోయాడు. గోపాలుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చంపితే మధ్యాహ్నమే చంపి ఉండాల్సింది. చంపకపోతే ఇంకొంచెం ఆగాల్సింది. తను రెండూ కాకుండా చేశాడు. దానికి పూటంతా నరకం చూపించి, తీరా గుమ్మంలో విత్తనాల నోట మట్టికొట్టాడు.

పొలిమేరలో ఆడవాళ్ళు కుండలతో సిద్ధంగా ఉన్నారు. ఇంత మందికి ఒక్క కోడి, అదీ చచ్చింది, వేట కిందికి వస్తుందా రాదా అని కాసేపు వాదించుకుని, రాదని తేల్చి, వరసగా అందరి మీదా పేడనీళ్ళు పోశారు. గోపాలు మీద పోసింది జంపక్కే. నవ్వుతూ పోసి, అతని మొహం చూసి నవ్వు ఆపేసింది. జరిగింది రాజు చెప్పాడు. ఆమె భర్త చేతిలోంచి కోడిని తీసుకుంది.

పట్టి తెచ్చినవాడి ఇంటివాళ్ళే దాన్ని శుభ్రం చెయ్యాలి. అది కూడా కట్టడే. విత్తనాల గంపలన్నీ వేల్పు గద్దె ముందు బారుగా పెట్టి ఉన్నాయి, కొయ్యడం అక్కడే జరగాలి కాబట్టి జంపక్క పొయ్యి కూడా అక్కడే రాజేసింది. నీళ్ళు కాచి, మరిగేదాకా ఉంచకుండా దించింది. మరిగిన నీళ్ళలో ముంచితే అడవికోడి తోలు ఈకతోపాటే ఊడొస్తుంది. కాళ్ళు పట్టుకుని ముంచి తీసి, ఈకలు వాలు వెంబడి పీకింది. విరిగిన రెక్క దగ్గర చెయ్యి మెల్లగా నడిచింది. తొడ గాయం దగ్గర ఆగి, వేలితో తడిమి, నీళ్ళు పోసి కడిగింది. నూగు పోయేలా గడ్డిమంట మీద అటూ ఇటూ తిప్పి, పసుపు పట్టించింది. ఆమె చేస్తున్నంతసేపూ గోపాలు పేడ ఆరిన ఒంటితో పక్కన గొంతుక్కూర్చున్నాడు. కడుక్కోబుద్ధి కాలేదు.

పొట్ట కోసి పేగులు తీసింది. కార్జం మీది చేదుతిత్తి చిట్లకుండా గోటితో వేరుచేసింది. మెడ మొదట్లో మేతసంచి కోస్తే లోపల చెదలు, రేగిగింజలు, వాటితోపాటు గుప్పెడు జొన్నలు బయటపడ్డాయి. నాని, మొలక ముక్కు తేలిన జొన్నలు.

"గివి యాడియి?" అంది జంపక్క.

"పక్క గూడెమోళ్ళయి," అన్నాడు గోపాలు. "ఆళ్ళు చల్లిండ్రు. మొలుస్తున్నయ్ గూడ."

పక్కవాళ్ళ చెలకలో మొలకలొస్తుంటే, ఆ మొలకలు తిని బలిసిన కోడి కోసం వీళ్ళు అడవులు పట్టి తిరిగారు. ఇంతకన్నా వెటకారం ఉంటుందా.

జంపక్క మెడ తోలు మీద కత్తి పెట్టి చీల్చింది. చీల్చగానే నల్లటి నెత్తురు వేళ్ళ మీదికి దిగింది. కొంత గడ్డకట్టి, కొంత ఇంకా పలచగా. ఎముక విడిపోయినచోట నెత్తురంతా మెడలోకి దిగి, పోవడానికి దారిలేక తోలు కింద నిలిచిపోయింది. ఆమె దోసిలి పట్టింది. మణికట్టు దాకా కారింది.

చూస్తున్నవాళ్ళంతా వీరన్న వైపు తిరిగారు. ఆయన దగ్గరికొచ్చి వంగి, చాలాసేపు చూశాడు. ఆయనకూ నాలుగెకరాల చెలక ఉంది, అదీ ఆరుతోంది. ధర్మసందేహాలు అలాంటప్పుడు తొందరగా తీరతాయి.

"కత్తి పడ్డది," అన్నాడు చివరికి. "నెత్తురొచ్చింది. ఇత్తనాల ముందటనే వచ్చింది. తల్లి కాదనదు."

గూడెమంతా ఊపిరి పీల్చుకుంది. వీరన్న మోదుగాకు దొప్ప తెప్పించి, జంపక్క దోసిట్లోది పోయించుకున్నాడు. మునివేళ్ళతో ఒక్కో గంపలో చిలకరిస్తూ, వేల్పును తలుచుకుంటూ బారు వెంబడి నడిచాడు. గోపాలు లేచి నిలబడ్డాడు. పొద్దుటి నుంచి మొదటిసారి గుండె తేలికపడింది. వీరన్న తన గంపలో చిలకరించాడు, రాజు గంపలో చిలకరించాడు, గోపాలు గంప దాటి అవతలి దానికి పోయాడు.

"పెదనాయినా, మాది మర్సినవ్."

"మర్వలే." దొప్పలో మిగిలింది గద్దె ముందు నేల మీద పోసేశాడు. "పెద్దోని మాట దాటి దారిల పానం తీసినోని గంపకు నెత్తురు లేదు. మల్ల వేటల నువ్వే పట్టుకరా. అప్పుడు చల్లుకో."

మళ్ళీ వేట ఎప్పుడు. క్యాంపువాళ్ళు ఇంకోసారి అడవిలోకి పోనిస్తారా. అప్పటికి నేలలో తడి ఉంటుందా. ఇది కట్టడి కాదు, మిట్ట మీద బాణం గురించి అన్న మాటకు పగ. అది అందరికీ తెలుసు. రాజు కూడా తల దించుకున్నాడు. ఎవరి గంప వాళ్ళకు తడిసింది కదా.

జంపక్క లేచింది. నెత్తురు, ఈకల ముక్కలు అంటుకున్న చేతులు అలాగే ముందుకు చాపి తమ గంప దగ్గరికి నడిచింది. వంగి, రెండు చేతులూ జొన్నల్లోకి మోచేతుల దాకా దించింది. అడుగు నుంచి పైకి, పై నుంచి అడుగుకు తిప్పి తిప్పి కలిపింది.

"ఏం జేస్తున్నవ్ పిల్లా?" అన్నాడు వీరన్న.

"చేతులు తుడుసుకుంటున్న మామా."

"ఆడదాని చెయ్యి పడ్డ నెత్తురు పనికిరాదు. ఆ ఇత్తనం మొలవదు."

"మొలవకపోతే పస్తులుండేది మేమే గదా. నీకేం పోతది?"

వీరన్న గంపలోకి చూశాడు. మిగిలిన గంపల్లో చుక్కలు పడ్డాయి. ఇందులో గింజ గింజా ఎర్రబడి ఉంది. అంటిన నెత్తురును వెనక్కి తియ్యడం వేల్పు వల్ల కూడా కాదు. ఆయన దొప్ప పారేసి, గద్దె వెనక్కి పోయాడు. ఆడవాళ్ళలో ఎవరో ముసిముసిగా నవ్వారు. పొయ్యి మీద కూరకుండ ఎక్కింది. ఊరందరికీ గోటంత ముక్కైనా రావాలి కాబట్టి ముక్కలు చిన్నగా కొడుతున్నారు.

"పట్టు," అన్నాడు గోపాలు. ఇద్దరూ గంపకు చెరోవైపు చెయ్యి వేసి ఇంటికి మోశారు. గెలిచినట్టు అనిపించాలి, అనిపించలేదు. కోపం పోలేదు. అది వీరన్న మీద ఉన్నదానికన్నా తనమీదే ఎక్కువగా ఉంది. అరుగు మీద గంప దించాక అన్నాడు, "జంపా, దాన్ని పట్టుకున్నప్పుడే చంపాల్సింది. గీ గింజల కోసరం పూటంత మోసిన."

"తెలుసు," అంది జంపక్క. "తొడ మీద గాయం ఎండి గట్టిపడ్డది. కడిగింది నేనే గదా."

ఆమె కుండలో నీళ్ళు ముంచి తన చేతుల మీద పోసుకుంది, మిగిలినవి అతని తల మీద పోసింది. ఆరిన పేడ కరిగి మెడ మీదుగా కారింది.

"రేపు తెల్లారకముందు మబ్బులనే లేసి నాగలి కట్టాలె," అంది. "గీ పదును గూడ ఆరవెడితే అది పడ్డ బాధంత ఉత్తగనే పోతది."